గడ దించేశాను కదా

పోర్తో ఊళ్ళో ట్రాముల షెడ్డు. మిట్టమధ్యాహ్నం. నూట నలభై ఏడో నంబరు ట్రాము పక్కన కూర్చుని జెఫెరీనో మేస్త్రీ రొట్టె తింటున్నాడు. ఇంజనీరమ్మ లియొనోర్ వచ్చి వంద ప్రశ్నలు మొదలెట్టింది.

"...అదే అడుగుతున్నా మేస్త్రీగారూ, బండి మీద గడ ఎవరు దించారు?"

"నేనే దించా. దించి తాడు కట్టేశా. పైన కరెంటు తీగని గడ తాకకపోతే బండి చచ్చిన పామే. నలభై ఏళ్ళుగా ఇంతే. తాతకు దగ్గులు నేర్పకమ్మాయ్. రొట్టె తింటావా? మా ఆవిడ ఎండుచేప పెట్టింది."

"వద్దండీ. ఎందుకు దించారు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా దించుతారా?"

"రేపు మేయరుగారు ఎక్కుతారు కదా, ఓసారి చూసి పెట్టుకోవద్దూ? తొంభై ఏళ్ళ ముసలి బండి కడుపులో నువ్వేమో బ్యాటరీ పెట్టావు. ఎందుకయ్యా అంటే, చర్చి ముందు తీగలుంటే ఫొటోలు పాడైపోతాయట! మా తాతల ఫొటోలన్నీ తీగలతోనే ఉన్నాయి, ఎవడూ ఏడవలేదు."

"మాట మార్చకండి. ఆ ఈల ఎక్కణ్ణుంచి?"

"ఏ ఈల?"

"అదిగో."

"ఆ... రేడియో."

"రేడియో ఒకే ముక్కని పదిసార్లు పాడదండీ. అది మీతో పనిచేసే బెల్మిరోగారి ఈల. బండి కింద గుంతలో ఉన్నారా?"

"వాడి ఈలా, వాడి గోలా! నలభై ఏళ్ళుగా అదే పాట. ఈమధ్య మరీ శ్రుతి తప్పుతోంది. నోర్ముయ్యరా బాబూ అని రోజూ..."

"ఉన్నారా, లేదా?"

"ఉన్నాడు. పాత వైర్లు రెండు వేలాడుతుంటే పీకేసి వస్తానన్నాడు. పావుగంట పని. గడ దించేశాను కదమ్మా, ఇంకేం భయం?"

"గడ దించితే చచ్చేది మీ పాత బండండీ! ఇప్పుడు ఆరొందల వోల్టులు దాని కడుపులోనే ఉన్నాయి. లోపల సీటు బల్ల కింద ఎర్ర స్విచ్చి ఆపకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదని సోమవారం క్లాసులో గంటసేపు మొత్తుకున్నానే! బెల్మిరోగారూ వచ్చారుగా? సంతకం కూడా ఉంది."

"సంతకం... ఉంది."

"మేస్త్రీగారూ."

"ఈ ఎండుచేపలో ముళ్ళెక్కువమ్మా."

"మేస్త్రీగారూ, నా వైపు చూడండి."

"వాడి సంతకం నేనే పెట్టానమ్మా. వాడు రాలేదు."

"అయ్యో! ఎందుకు?"

"వచ్చి ఏం చేస్తాడు, నీ మాట వినపడందే! చెవులు పోయాయి వాడికి. ఈ షెడ్డులో సుత్తుల మోతకి. ఆఫీసులో తెలిస్తే ఇంటికి పంపేస్తారు. పింఛనుకి ఆర్నెల్లే ఉంది. నేను చెయ్యి ఊపుతా, వాడు ఆగుతాడు. అలాగే నెట్టుకొస్తున్నాం."

"పోనీ స్విచ్చి సంగతి మీరైనా చెప్పారా?"

"చెబుదామనుకున్నా... చెప్పలేదు. నాకే నమ్మకం కలగలేదు తల్లీ. తాడు కట్టేశాక బండి బతికుండటమేంటి, అనుకున్నా."

"సరే, ముందు స్విచ్చి ఆపుతా. జరగండి... ఇదేంటి? బల్ల లేవట్లేదేం?"

"ఆ ఎర్ర స్విచ్చి బయటికి కనపడితే అసహ్యంగా ఉంటుందని పొద్దున మేమే బల్లకి మరలు బిగించి వార్నీషు కొట్టాం. మేయరుగారికి పాతదానిలా కనపడాలని..."

"ఓరి నాయనో! స్క్రూడ్రైవరు ఇవ్వండి, త్వరగా!"

"ఆ పాత మరలకి పట్టేది ఒక్కటే ఉంది."

"ఇవ్వండి మరి!"

"వాడి చేతిలో ఉందమ్మా."

"అయితే దిగండి! ఎదురుగా నిలబడి చెయ్యి ఊపండి. ఆయన్ని ముట్టుకోకండి, ముట్టుకుంటే మీరూ పోతారు. ఈల వినపడుతోందిగా, ఇంకా ఏం కాలేదు, పదండి!"

"వస్తున్నానురా బెల్మిరో, వస్తున్నా... పాడు మోకాళ్ళు, ఇప్పుడే పట్టెయ్యాలా..."

"మేస్త్రీగారూ. ఒక్క నిమిషం. వినండి."

"ఏంటి? నాకేం వినపడట్లేదే."

"అదే..."

"బెల్మిరో! ఒరే బెల్మిరో! ఇంకెప్పుడూ తిట్టనురా, శ్రుతి తప్పితే తప్పింది, ఒక్కసారి ఈలెయ్యరా!"