చిత్రావతికి ఆరు మార్కులు

2006 వేసవి. కొత్తచెరువులో మగ్గం నేసే నారాయణప్ప ఇంటి మిద్దె మీద, ఆయన కూతురు, ఎం.టెక్. చదివే సువర్ణ, పెళ్లిచూపులకొచ్చిన మార్కండేయ మాట్లాడుకుంటున్నారు. సువర్ణకు తోడుగా అవ్వ రామలక్ష్మమ్మ కూర్చుంది.

"నవ్వద్దండీ! నిజంగానే నూటికి ఆరు మార్కులొచ్చినాయి ఆ ప్రోగ్రాముకు."

"ఆరా?"

"ఆరే. నా ప్రాజెక్టుకని యాభై ప్రోగ్రాముల ఇంటర్‌ఫేసులు కొలిచినా. అన్నింటికన్నా అడుగున ఉండేది అదే."

"ఏంది మే కొలిచేది? పట్టుచీరలా?"

"కాదవ్వా. నాయనను చీర నెయ్యమంటాం, అంచు మార్చమంటాం. ఏమేం అడగొచ్చో పట్టీ రాసిపెడితే అదే ఇంటర్‌ఫేసు. దాంట్లో బర్రెను పిండు, బస్సు తోలు అని కూడా రాస్తే?"

"మీ నాయనా? బస్సా? చెరువులో దించుతాడు!"

"అందుకే. పట్టీలో ఉండేవాటిల్లో మిగతా ప్రోగ్రాములు ఎన్ని అడుగుతాండాయో చూసి మార్కులేసేది."

"ఆ ప్రోగ్రాము... పేరేమండీ?"

"చిత్రావతి. తెలుగు అక్షరాలు చూపించేది. ఎవరో నెట్టులో ఊరికే పెట్టినారు. పట్టీలో ముప్పై ఒక్క పనులుండాయి, అడిగేది రెండే! మిగతావన్నీ ఎవరూ అడగనివే: క్యాలెండరు చూపించు, పాట పాడు, గంట కొట్టు..."

"గంట... గంట బాగుంటాదనుకున్నాడేమో పాపం."

"యాడ బాగుంటాది? అక్షరానికి గంటేమిటికండీ?"

"తప్పు అక్షరం కొడితే మోగేదానికి. మా అమ్మకు చూపు తక్కువ, అందుకని..."

"మీ అమ్మకా?"

"అదే... వాళ్లమ్మకు."

"ఏమప్పా, ఎవరమ్మ? సరిగ్గా చెప్పు."

"మా అమ్మే, అవ్వా. ఆ ప్రోగ్రాము రాసింది నేనే."

"అయ్యో! పెళ్లికొడుకును ఫెయిలు చేసి కూర్చున్నావు కదే!"

"నేను... నేను కిందికి పోతానండీ. చెప్పులు యాడ ఇడిసినానో..."

"కూర్చోండి. గంట సంగతి నాకు ముందే తెలుసు. ప్రోగ్రాములో గంట మోగించే వరస పైన తెలుగులో రాసినారు కదా, 'ఇది మా అమ్మకు' అని. అడుగున మీ పేరు, ధర్మవరమని ఊరు. అది చదివి ఆ పొద్దంతా ఇంకో పని చెయ్యలేకపోయినా."

"తెలిసే తిట్టినారా!"

"కొలత కొలతే. మార్కులు మార్చను."

"మార్కులు పోనీండి. మరి... సంబంధం?"

"ఉండండప్పా, ఉండండి. ఏం మే, ఈ సంబంధం తెచ్చింది పెళ్లిళ్ల వీరప్ప కదా?"

"వీరప్ప మామను ధర్మవరానికి తోలింది నేనే, అవ్వా."