ఎడమచేతి హీరో

అల్లం తవ్వి నడుములు పడిపోయిన మొగుడూ పెళ్లాలు చిరాగ్‌పల్లి రోడ్డు మీద బస్సు కోసం కూలబడ్డారు. కునుకు పట్టకుండా సంగమ్మే మాట కదిపింది.

“నీకు ఏ సినిమా మస్తు నచ్చింది?”

“హాంకాంగ్ కరాటే సినిమా. నీకు?”

“ఇంగ్లీషు గుర్రాల సినిమా. లగ్గానికి ముందు రాయికోడ్ జాతరల, డేరాల చూసిన. హీరో ఎడమచేత్తోని తుపాకి పేల్చేటోడు.”

“గది ఒక్క ఆటే ఆడింది. నేను గూడ చూసిన. కుడిచేత్తోనే పేల్చిండు.”

“కాదు, ఎడమచెయ్యే!”

“నువ్వు యాడ కూసున్నవ్?”

“ముంగట జాగ లేకుంటే ఆడోళ్లమంత తెర ఎన్క కూసున్నం.”

“గందుకే నీకు ఉల్టా కనబడ్డది. నేను ముంగటనే ఉన్న.”

నవ్వే ఓపిక లేక సంగమ్మ అతని భుజానికి తల ఆనించింది.

“అయితే మన లగ్గంల పంతులు అడ్డుతెర పట్టకముందే, గా డేరాల మన నడుమ తెర పట్టిన్రన్నట్టు.”