కిటికీ పక్క కొత్త బల్ల

హలో… ఆఁ, నేనేనే, సున్వాని. ఇంకెవరనుకున్నావ్?…

లేదు, కాఫీ కూడా తాగలేదు. ఒంటికి చేపల వాసన ఇంకా వదల్లేదు. మార్యున్, ముందు నా మాటకి జవాబు చెప్పు… పొద్దున పనిలో నన్నెందుకు నీ చోట నిలబెట్టావ్?

… చలిగాలా! పడవలు కనిపిస్తాయని ఆ కిటికీ పక్క చోటు కోసం అలిగి మరీ సాధించుకున్నదానివి కదే! ఇన్నేళ్ళూ వెయ్యని చలి ఇవాళే వేసిందా?

… నవ్వకు. నిన్నటిదాకా అందరివీ ఒకేలాంటి ఇనప బల్లలు. తెల్లారేసరికి నీ చోట కొత్తది. మీట నొక్కితే లేస్తుంది, దిగుతుంది. అది రాగానే "సున్వా, నువ్విటు రా" అన్నావ్. ఏముందే ఆ బల్లలో? ఎన్ని చేపలు కోశానో లెక్కపెడుతుందా?…

హాయిగానే ఉంది. చెయ్యి పైకెత్తకుండానే కోశాను. అదే నా అనుమానం! మన యజమాని ఊరికే హాయి ఎప్పుడిచ్చాడు?

… ఆ, మొన్న యజమాని పిలిపించిన ఆ పిల్లే. మనం ఎలా వంగుతున్నామో, ఎలా నిలబడుతున్నామో కెమెరా పెట్టి చూసింది. ఒళ్ళు నొప్పులు తగ్గిస్తానంది. నేను పళ్ళు బిగించి చెయ్యెత్తి చూపించా. నొప్పుల్లేవన్నా… అనక? మనతో చేపలు కోసిన బిర్నా గతి చూశాంగా! భుజం నొప్పంది. పెట్టెలు మడిచే పనికి మార్చారు. మంచు కరిగేలోగా పనిలోంచి తీసేసి ఇంటికి పంపేశారు.

నా భుజం సంగతి నీకొక్కదానికే తెలుసు. రోజూ నా ఏప్రాన్ వెనక ముడి వేసేది నువ్వే. నిజం చెప్పు… ఆ పిల్లకి చెప్పేశావ్ కదూ?

… నా పేరే ఎత్తలేదా? మరి బల్ల ఎలా వచ్చింది?

… మళ్ళీ అను.

… నీకు భుజం నొప్పేంటే! బంగాళాదుంపల బస్తా ఒంటిచేత్తో లేపుతావ్!

…

నొప్పి నీదని చెప్పి… బల్ల తెప్పించి… నన్నక్కడ నిలబెట్టావా?

మతి పోయిందా నీకు? ఎవరు చెయ్యమన్నారు?… అవును, అడిగితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. నిజమే…

ఆగాగు. సాయంత్రం మేస్త్రీ టుమ్మాస్ నిన్ను పక్కకి పిలిచాడుగా. నా మీద చాడీలు చెప్తున్నావనుకున్నా. ఏమన్నాడు?… ఏం లేకపోతే ఎందుకే నసుగుతావ్?

… సోమవారం నుంచి పెట్టెలు మడిచే పనికా? నిన్నా?

… ఎలా ఊరుకుంటానే! పొద్దుటి నుంచీ నిన్ను మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసా? సిగ్గుగా ఉంది మార్యున్…

కూర్చోను. బూట్లు వేసుకుంటున్నా… టుమ్మాస్ ఇంటికి… పీకేస్తే పీకెయ్యనీ! భుజం నాది, నొప్పి నాది. నేనే చెప్తా.

… నువ్వు నోర్ముయ్. తలుపు తీశా, ఈ గాలికి నీ మాట వినపడట్లేదు… వినపడినా వినను.

పెట్టేస్తున్నా.