మెరుపును పట్టేసిన ఎంసీబీ

టీకొట్టు అమ్మాయి కొత్త బాయిలర్ కొంది. అది ఆన్ చేసిన ప్రతిసారీ ఎంసీబీ, అదే, కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే చిన్న స్విచ్, టప్పుమని పడిపోతోంది. కొట్టు చూస్తే నిలువెల్లా చెక్క. అవతల గిరాకీలు గొణుగుతున్నారు. కోతల బాబాయి ఠీవిగా జేబులోంచి ముప్ఫైరెండు ఆంపియర్ల ఎంసీబీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ పది ఆంపియర్లది తీసేసి ఇది పెడితే జన్మలో పడదమ్మాయ్! మా గీజర్‌కి నేనే పెట్టాను, ఒక్క స్క్రూడ్రైవర్‌తో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్లు చిటికెలో కాగాయి. మర్నాడు వేలెడు లావు వైరు లాగాను. అంతే, కరెంటు ఏనుగులా పరుగెత్తుకొచ్చి, ఫ్యాను తిరిగేసరికి మంచం గాల్లోకి లేచింది, మీ పిన్ని దాని మీదే ఉంది..."

"దిగిందా?" అన్నాడు బల్ల మీద టీ కోసం కూర్చున్న టైలరు.

"దిగకేం, కూరలు తరుక్కుంటూనే దిగింది. అది కాదు, అసలు సంగతి వినండి. మొన్నటి వానకి మెరుపు తిన్నగా మా మీటరులోకి దూరింది. మా ఎంసీబీ పడిందా? మెరుపునే పట్టేసింది! ఆకాశమంతా చీకటి. పాపం ఉరుము ఒంటరిగా వచ్చి, మా తలుపు కొట్టి, 'మావాడు మీ ఇంట్లో ఉన్నాడా?' అని అడిగింది!"

టైలరుకి పొలమారింది. అమ్మాయీ నవ్వింది గానీ, మనసు ఒప్పలేదు.

"నా వైరు సన్నది బాబాయ్. అది మార్చక్కర్లేదా?"

"దండగ! మెరుపునే మింగినదానికి నీ బాయిలర్ ఓ లెక్కా?"

సరే, ఇంతమంది టీ కోసం చూస్తున్నారు కదా అని అమ్మాయి మెయిన్ స్విచ్ ఆపి స్క్రూడ్రైవర్ బాబాయి చేతికిచ్చింది. అంతలో ఖాళీ ఫ్లాస్కుతో పిన్ని వచ్చింది.

"నాలుగు టీలు పొయ్యమ్మా. ఇంట్లో కరెంటు లేదు, కరెంటు మిస్త్రీ గోడ తవ్వుతున్నాడు."

"ఎంసీబీ పడిందా పిన్నీ?"

"పడితే బాగుండును! ఈయన పెట్టింది రాయిలా కూర్చుంది, గోడలో సన్న వైరు మాడి మసైంది."

"సన్న వైరా? వేలెడు లావు అన్నాడే!" అన్నాడు టైలరు.

"ఎప్పుడు లాగారు, కలలోనా? ఎంసీబీ ఉన్నదే వైరును కాపాడటానికట. వస్తువు ఎంత లాగుతుందో చూసి వైరు, ఆ వైరు ఎంత మోస్తుందో చూసి ఎంసీబీ వెయ్యాలట. మిస్త్రీ నన్ను చీవాట్లేశాడు!"

అమ్మాయి స్క్రూడ్రైవర్ వెనక్కి లాక్కుంది. బాయిలర్ ప్లగ్గు పీకి, గిన్నె తీసి గ్యాసు మీద పెట్టింది.

"పిన్నీ, ఆ మిస్త్రీని ఇటు కూడా రమ్మను. ముందు వైరు మార్పిస్తాను."

"గోడ తవ్వితే మెరుపు బయటికి వచ్చేస్తుందే!" బాబాయి ఇంకా తగ్గలేదు.

"రానివ్వండి. పదండి, మట్టి ఎత్తాలి," అంది పిన్ని.

"ఉరుము ఇటొచ్చి 'మావాడేడీ?' అని అడిగితే ఏం చెప్పను పిన్నీ?" అన్నాడు టైలరు.

"మీవాడు తట్ట మోస్తున్నాడని చెప్పు."