ఇప్పసారాల ముంచిన సూది

తలుపెందుకేసిన్రు, ప్రమీల మేడం? తియ్యుండ్రి. తలుపేసి పేరడిగేది పోలీసోళ్లు గదా!

అవ్, భద్రయ్యనే. కాయిదం మీద ఉండనే ఉన్నది. ఎవడిచ్చిండు నా పేరు? బయట బల్ల మీద కూసున్నడు సూడు, ఆ చిరంజీవిగాడేనా? వాని కండ్లు పచ్చగైనయని తెల్వంగనే అనుకున్న, ఇగ వీడు దవాఖానల నోరిప్పుతడని.

చెప్పలేదా? మీరట్లనే అంటరు.

హెపటైటిస్ సి. ఆఁ, ఇన్న. కార్జం ఖరాబ్ చేస్తదట, సూదితోని ఒకరికెల్లి ఒకరికి పోతదట. గంత పెద్ద రోగానికి మూడు నెలలు గోళీలు ఫిరీగ ఇస్తరా? ఎందుకిస్తరు? ఈ కాలంల ఊకెనే ఎవరిస్తరు మేడం?

సరే, పొడుచుకున్నం. దొంగతనం చేసినమా? సారపాక దిక్కు లారీలకు జామాయిల్ దుంగలెత్తేటోళ్లం. దుంగకు ఇద్దరం. ముందు భుజం నాది, ఎనక భుజం చిరంజీవిగానిది. తొమ్మిదేండ్ల జోడీ. భుజం నొప్పికని ఇంజక్షన్ మొదలువెట్టినం. తర్వాత నొప్పి లేకున్నా కావాల్సొచ్చింది. జోడీగాడు బీడీ ఇస్తే వద్దంటమా? సూది గూడ గంతే. ఇద్దరికొక్కటే.

గట్ల సూడకుండ్రి! కడిగినం. ఎప్పటికప్పుడు ఇప్పసారాల ముంచినం. అగ్గిపుల్ల గీస్తే భగ్గుమంటది ఆ సరుకు. దాంట్ల ఏ పురుగు బతుకుతది?

ఏందీ... సావదా?

మరి ఎవలన్న ముందే చెప్పొద్దా!

...చెప్పిన్రు మేడం. నిరుడు క్యాంపుల రక్తమిచ్చిన. పది రోజులకు ఫోనొచ్చింది, నీ రక్తంల తేడా ఉన్నది, ఒక్కసారి రమ్మని. సూది సంగతి దొరికింది, ఇగ కేసు రాస్తరనుకున్న. సిమ్ము ఇరిచి గోదాట్ల పారేసిన.

అదే రోజు పని దిగినంక నేను పొడుచుకొని, ముంచి, వాని చేతికిచ్చిన. "మంచిగ కడిగినవానే అన్నా?" అన్నడు. "కడిగిన తియ్" అన్న. ఆ ఫోన్ సంగతి నోటిదాంక వచ్చింది. చెప్తే వాడు జోడీ ఇరుస్తడని భయమైంది. ఏడాదిసంది గట్లనే ఇచ్చిన.

అంతకుముందే అంటిందేమో వానికి? గట్లనన్న అనుండ్రి మేడం. అనరా?

నా పేరు ఆ రక్తం క్యాంపు కాయిదాలల్లకెల్లి వచ్చింది, వాడు చెప్పనే లేదంటున్రు. తొమ్మిదేండ్ల జోడీని నేనే అనుమానించిన.

తలుపెయ్యుండ్రి మేడం. వాడింటడు.