కోచ్ బెకిల్స్ చేతులు ఎక్కడున్నాయన్న విషయం

నా పేరు వేమూరి చంద్రకళ. వయసు డెబ్బై ఒకటి. భర్త కీర్తిశేషులు విశ్వనాథం గారు. విజయనగరంలో ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్పై మూడేళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం కెనడాలోని ఏజాక్స్‌లో మా అబ్బాయి గోపీకృష్ణ, కోడలు సుధామయి, మనవరాలు నిఖిలతో కలిసి ఉంటున్నాను. ఈ రోజు 2025 అక్టోబరు 23, గురువారం. ఏజాక్స్ పోలీసు స్టేషన్‌లో కాన్‌స్టేబుల్ ఫెర్రారో గారి ఎదుట ఉదయం 10:40కి ఇది రాయడం మొదలుపెట్టాను. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా తెలుగులోనే రాస్తానన్నాను. ఈ విషయం గురించి ఇప్పటికే చాలామంది ఇంగ్లీషులో సుమారుగా చెప్పేశారు. నేను సుమారుగా చెప్పదలచుకోలేదు. నేను రాసినదాన్ని ఆయనకు ఇంగ్లీషులో చదివి చెప్పడానికి అనువాదకురాలు శ్యామల గారు పక్కనే ఉన్నారు.

ఫిర్యాదు ఇచ్చింది మా అబ్బాయి. ఈ నెల 18, శనివారం, కమ్యూనిటీ హాల్లో నిఖిల బాక్సింగ్ పోటీ జరుగుతుండగా కోచ్ కెల్విన్ బెకిల్స్ తనను మెట్ల మీద నుంచి తోసేశాడని, అందువల్ల తన ఎడమ మణికట్టు విరిగిందని రాసిచ్చాడు. మణికట్టు విరిగిన మాట నిజం. తోసిన మాట నిజం కాదు. ఇది నేను ఈ ఉదయం నోటితో రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

బెకిల్స్ కోపిష్టి మనిషా, ఎటువంటి కోచ్ అని కాన్‌స్టేబుల్ గారు అడిగారు. ఒక్క మాటలో చెప్పమన్నారు. ఒక్క మాటలో చెప్పడం కుదరదన్నాను.

నిఖిలకు ఇప్పుడు పదిహేనేళ్ళు. పన్నెండో ఏట, మేము నార్త్ యార్క్‌లో ఉన్నప్పుడు, బాక్సింగ్‌లో చేరింది. అక్కడి కోచ్ పేరు ఈ కేసుకు అనవసరం. ఆయన నిమిషం తేడా లేకుండా వచ్చేవాడు. గోడ నిండా పతకాలు. మూడో వారానికే ఆడపిల్లలిద్దరిని రింగులో ఎదురెదురుగా నిలబెట్టి కొట్టుకోమన్నాడు. ఒక పిల్లకు ముక్కు నుంచి రక్తం వస్తే చప్పట్లు కొట్టాడు. మీ అమ్మాయి పులి అని మా అబ్బాయితో అన్నాడు. మా అబ్బాయి ఆ మాట ఇండియాకు ఫోన్ చేసి అందరికీ చెప్పాడు. నాకూ ఆ కోచ్ నచ్చాడు. వేళకు వస్తాడు, పిల్లలు భయపడతారు, కాబట్టి మంచివాడనుకున్నాను. ముప్పై మూడేళ్ళు నన్ను కూడా జనం ఆ కొలతతోనే కొలిచారు. అక్కడున్న పదకొండు నెలల్లో నిఖిలకు తలనొప్పి వచ్చిన రోజులు పద్నాలుగు. తేదీలతో సహా నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. ప్రతిసారీ మాత్ర వేసి పంపాను. రాసుకున్నాను గాని ఆలోచించలేదు.

2023 డిసెంబరులో ఏజాక్స్ వచ్చాక బెకిల్స్ గారి దగ్గర చేర్చాం. ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. పగలు సిటీ బస్సు నడుపుతారు. క్లాసు ఐదున్నరకు. ఇరవై రెండు నెలల్లో ఆయన సరిగ్గా ఐదున్నరకు మొదలుపెట్టింది నాలుగుసార్లు. హాలు తడి సాక్సుల వాసన. ఫోన్ ఎత్తరు. నిఖిలను నాలుగు నెలల పాటు వేరే ఎవరో పిల్ల పేరుతో పిలిచారు. ఆయన తరఫున చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే ఇవి కూడా చదవాలి.

ఏడు నెలలు ఆయన పిల్లను రింగు ఎక్కించలేదు. నేల మీద సుద్దతో గీతలు గీసి కాళ్ళు కదపడమే నేర్పారు. ఇది కాలహరణమని నేను ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ ఉత్తరం రాసి ఇచ్చాను. నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"దెబ్బ వస్తుంటే పాప కళ్ళు మూస్తోందండీ. అది మానేదాకా ఆమె ఎదురుగా ఎవరినీ నిలబెట్టను," అన్నారు.

ఆ రోజు నుంచి గమనించాను. నిజమే, మూస్తోంది. పదకొండు నెలలు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న నేను అది చూడలేదు. పతకాలున్న కోచ్ చూశాడో లేదో తెలియదు, చెప్పలేదు.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. కేసుకు ఇది ముఖ్యం, దయచేసి దాటవేయకండి. పోటీ రోజున ఇంట్లో వండినవాళ్ళను పక్కకు పిలిచి, పిల్ల పొద్దున ఏం తింది, ఎవరు తీసుకొచ్చారు అని అడుగుతారు. ఎడమ మణికట్టుకు చుట్టుకున్న తెల్ల టేపు మీద పెన్నుతో రాసుకుంటారు. రౌండుకూ రౌండుకూ మధ్య నిమిషం విరామంలో పిల్లను అవే అడుగుతారు. జవాబు టేపుతో సరిపోవాలి. తలకు దెబ్బ తగిలిన పిల్లలు బాగానే ఉన్నామంటారట, నవ్వుతారట, ఇంకా గట్టిగా కొడతారట. పొద్దున తిన్నది మాత్రం తప్పు చెబుతారట. గెలుపు, ఓటమి, పాయింట్లు ఆయన విరామంలో ఎత్తరు. ఇంతకు ముందు మూడు పోటీల్లో నిఖిల జవాబులు సరిపోయాయి.

ఇక శనివారం. కోడలు ఆఫీసు పని మీద శుక్రవారమే ఒట్టావా వెళ్ళింది. ఉదయం 8:10కి నిఖిలకు పెసరట్టు పెట్టాను. మమ్మల్ని హాలుకు తీసుకెళ్ళింది మా అబ్బాయి. 1:30కి బెకిల్స్ గారు అడిగితే పెసరట్టు అని చెప్పాను. మూడుసార్లు పలికించుకుని, రాయలేక, పచ్చ దోసె అని రాసుకున్నారు. వాళ్ళ నాన్న తీసుకొచ్చాడని కూడా రాసుకున్నారు.

మా అబ్బాయి ఆ రోజు మా తెలుగు సంఘం నుంచి ముప్పై రెండు మందిని పిలిచాడు. అదే సాయంత్రం ఆరు గంటలకు సంఘం దీపావళి వేడుక. అందులో నిఖిలకు సన్మానం. ఆహ్వానంలో ఆమె ఫోటో కింద విజేత అని గురువారమే అచ్చు వేయించారు. పోటీ శనివారం. ఇదేమిట్రా అని అడిగాను. "అమ్మా, గెలుస్తుందిలే. లాస్ట్ మినిట్‌లో ప్రింట్ అవదు," అన్నాడు.

పోటీ 2:17కి మొదలైంది. రెండేసి నిమిషాల రౌండ్లు మూడు. మాది నీలం మూల. నేను ఆ మూల వెనక మొదటి వరసలో ఉన్నాను. మొదటి విరామంలో పెసరట్టు అంది, నాన్న అంది. రెండో రౌండు మధ్యలో ఎడమ కణత దగ్గర హెడ్‌గార్డ్ మీద ఒక దెబ్బ పడింది. పడిపోలేదు. ఆ తర్వాతే ఎక్కువ కొట్టింది. మా వాళ్ళందరూ లేచి ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను.

2:22కి రెండో విరామం. నిఖిల స్టూలు మీద కూర్చుంది. బెకిల్స్ గారు ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. మాటలన్నీ నాకు వినిపించాయి.

"పొద్దున ఏం తిన్నావు?"

"సీరియల్."

"ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు?"

"మామ్," అని నవ్వింది.

ఆయన టేపు వంక చూడను కూడా చూడలేదు. రెఫరీకి చెయ్యెత్తి, మా పిల్ల ఇక ఆడదని చెప్పారు. ఆ మాట చెప్పడానికి రెఫరీ అవతలి వైపు జడ్జీల బల్ల దగ్గరకు వెళ్ళారు. తర్వాత రెండు చేతులతో హెడ్‌గార్డ్ పట్టీ విప్పడం మొదలుపెట్టారు. హాల్లో ఆ మాటలు విని, తప్పు జవాబని తెలిసింది ఇద్దరికే, ఆయనకూ నాకూ. ఆ గోలలో మా అబ్బాయికి వినిపించి ఉండదు. మిగతావాళ్ళకు అది ఏదో ఒక జవాబు.

మా అబ్బాయి రెండో వరస నుంచి వచ్చి రింగు పక్క మెట్లెక్కాడు. రెండో మెట్టు మీద నిలబడి, పాప గెలుస్తోంది, మళ్ళీ పంపమని ఇంగ్లీషులో అరిచాడు. సాయంత్రం ఫంక్షన్ ఉందని కూడా అన్నాడు. బెకిల్స్ గారు తలెత్తకుండా, ముందు హాస్పిటల్‌కు తీసుకెళ్ళమన్నారు. మా అబ్బాయి తాళ్ళ మీదుగా వంగి, కుడిచేత్తో ఆయన ఎడమ భుజం దగ్గర జాకెట్ పట్టి లాగాడు. కుట్టు తెగింది. పట్టు జారి వెనక్కి పడ్డాడు. ఎడమ చెయ్యి నేలకు తగిలింది. ఆ మెట్లు బెకిల్స్ గారు నేర్పే బాక్సింగ్ క్లబ్బువి. సోమవారం వెళ్ళి కొలత టేపుతో కొలిచాను. ఒక్కొక్కటి 21 సెంటీమీటర్లు. అంటే మా అబ్బాయి పడింది 42 సెంటీమీటర్ల ఎత్తు నుంచి.

అతను పడినప్పుడు బెకిల్స్ గారి రెండు చేతులూ నిఖిల గడ్డం కింద ఉన్నాయి. కాన్‌స్టేబుల్ గారు మళ్ళీ అడిగారు. రెండు చేతులూ. ఒక చెయ్యి కాదు. రెండు చేతులూ పాప గడ్డం కిందనే ఉన్నాయి.

సంఘం అధ్యక్షులు కోటేశ్వరరావు గారు తాము కళ్ళారా చూశామని రాసిచ్చారట. ఆ సమయంలో ఆయన హాలు వెనక సమోసాల బల్ల దగ్గర మాకు వీపు పెట్టి ఉన్నారు. మంగళవారం నాకు ఫోన్ చేశారు.

"చంద్రకళ గారూ, మనవాళ్ళ పరువు సంగతి కదండీ. ఆ కోచ్‌కు మహా అయితే వార్నింగ్ ఇస్తారు," అన్నారు.

"మీరు చూశారా?" అని అడిగాను.

"అందరూ అంటున్నారు కదండీ," అన్నారు.

మిగిలినది నా తప్పు గురించి. ఇది అవసరం లేదని కాన్‌స్టేబుల్ గారన్నారు. నాకు అవసరం. ఆ మధ్యాహ్నం హాస్పిటల్‌కు వెళ్ళాం, మా అబ్బాయి చెయ్యి కోసం. జవాబులు తప్పు చెప్పింది, నిఖిలను కూడా చూపించమన్నాను. ఆకలేసి ఏదో వాగింది, బాగానే ఉంది అన్నాడు. అందరి ముందూ ఎందుకులే అని ఊరుకున్నాను. కట్టు కట్టించుకుని, సంఘంవాళ్ళ కారులో 6:40కి మమ్మల్ని వేడుకకు తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ముందు సీట్లో కూర్చుని వెళ్ళాను. సీరియల్ అన్నప్పుడే తెలిసిన మనిషిని, ముందు సీట్లో కూర్చుని వెళ్ళాను. స్టేజీ మీద లైట్లు, స్పీకర్లు. విజేత అని పిలిచి శాలువా కప్పారు. 7:25కి నిఖిల ఆ శాలువా మీదే వాంతి చేసుకుంది.

"నాన్నమ్మా, ఐ డోంట్ నో వేర్ వి ఆర్," అంది.

నేనే టాక్సీ పిలిచి తీసుకెళ్ళాను. మెదడు అదిరిందని డాక్టరమ్మ చెప్పింది. రెండు వారాలు బడి వద్దు, ఫోన్, టీవీ తెరలు చూడకూడదు. మూడో రౌండు ఆడి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఎవరూ చెప్పలేరంది. నిఖిలకు గ్లోవ్స్ వేసుకున్నప్పటి నుంచి శాలువా దాకా ఏమీ గుర్తు లేదు. కాబట్టి ఆమె సాక్ష్యం చెప్పగలిగే స్థితిలో లేదు. దగ్గరగా చూసినవాళ్ళలో మిగిలింది నేను.

పోలీసులు తేల్చేదాకా రావద్దని క్లబ్బు బెకిల్స్ గారిని ఆపింది. ఇరవై ఆరు మంది పిల్లల క్లాసు ఆగిపోయింది. నేరం రుజువైతే ఆయన ఇక పిల్లలకు నేర్పలేరట. ఈ మనిషి మీద నాకు కోపంగా ఉంది. తన కోసం ఒక్క మాట గట్టిగా చెప్పుకోడు. ఐదుసార్లు ఫోన్ చేశాను. ఆరోసారి ఎత్తి, పాప నిద్రపోతోందా, చేతికి ఫోన్ ఇవ్వకండి అన్నారు. మీ సంగతి చెప్పండి అన్నాను. "తోయలేదని చెప్పానుగా. ఇంకేం చెప్పాలి?" అన్నారు.

తాను తొయ్యలేదని కోచ్ చెప్పడం చాలదు. అందుకే నేను వచ్చాను.

ఇది నిజమైతే అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినందుకు మా అబ్బాయి మీద కేసు కావచ్చని, ఏమైనా మార్చుకుంటారా అని కాన్‌స్టేబుల్ గారు 12:31కి అడిగారు. మార్చను. మా అబ్బాయి చెడ్డవాడు కాదు. తాను పిలిచినవాళ్ళందరి ముందూ పడ్డాడు. తోశాడని ఎవరో అన్నారు, ఆ మాట వీడికి పనికొచ్చింది. ఇది కూడా రాయమని అడగలేదు, రాస్తున్నాను.

మీరు వెనక తలుపు నుంచి వెళ్ళండి, మేం ఇంట్లో దింపుతాం అని కాన్‌స్టేబుల్ గారన్నారు. అక్కర్లేదు. మా అబ్బాయి ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. తోశాడని ఒక్క మాట చెప్పి వచ్చేయమ్మా అని పంపాడు. నేను అతని పక్కన కూర్చుని దీని నకలు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపిస్తాను. ఇక్కడికి వచ్చేటప్పుడు కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒంటిచేత్తో కారు నడిపాడు. నేను ముందు సీట్లో కూర్చుని వచ్చాను. వెళ్ళేటప్పుడు తాళాలు తీసుకుంటాను. ఎంత అరిచినా ఇవ్వను.

పై తొమ్మిది పేజీలూ నా చేతిరాత. ఎవరి బలవంతమూ లేదు. శ్యామల గారు ఇంగ్లీషులో చదివి చెప్పగా విని, రెండు చోట్ల దిద్దించాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాశాను. ఇందులో అబద్ధముంటే శిక్షకు నేనే బాధ్యురాలిని.

(సంతకం) వేమూరి చంద్రకళ
23-10-2025, మధ్యాహ్నం 12:58, ఏజాక్స్