రెండు మూరలకు ఒక మీటరు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా పై అధికారి రామాంజనేయులు గారికి, ముందు వరుసలో మదీనాగూడ వర్తక సంఘం పెద్దలకు, వెనక వరుసలో కూర్చుని నేనెప్పుడు ముగిస్తానా అని ఫలహారాల వైపు చూస్తున్న నా సహోద్యోగులకు, ఏ వరుసలోనూ కుదురుగా కూర్చోకుండా ఫొటోలు తీసే ఆయనకి సలహాలిస్తున్న నా భార్య పుణ్యవతికి, ఈ సుబ్రహ్మణ్యం నమస్కారాలు.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "ఆరడుగుల మనిషప్పా, చూస్తేనే అంగడోళ్ళకు భయం" అన్నారు. అయ్యా, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుకి వీడ్కోలు సభ పెట్టి, మీరే మనిషిని అడుగుల్లో కొలిస్తే ఎలాగండీ? నేను నూట ఎనభై మూడు సెంటీమీటర్లు. ఈ వయసుకి ఒకటి తగ్గి ఉండొచ్చు, అది వేరే సంగతి. (నవ్వులు)

వీశెలూ శేర్లూ గజాలూ పోయి కిలోలూ లీటర్లూ మీటర్లూ వచ్చిన కొత్తలో, నా ఇరవై మూడో ఏట ఈ ఉద్యోగంలో చేరాను. సంతల్లో మైకు పట్టుకున్నాను, బడి గోడలకి పటాలు తగిలించాను, సినిమా హాళ్ళలో విశ్రాంతి సమయంలో తెర ముందు నిలబడి, సోడాల కోసం లేచి పోతున్న జనానికి పదితో భాగించడం ఎంత తేలికో చెప్పాను. ముప్పైయైదేళ్ళు చెప్పాను. ఏమైంది? ఇది 1999. మాదాపూర్‌లో అద్దాల మేడ లేచింది, దేశదేశాల వాళ్ళు చూసిపోతున్నారు. లోపల అద్దె చదరపు అడుగుల్లో, గచ్చిబౌలి దాకా ప్లాట్లు గజాల్లో. మా అమ్మాయి కిరణ్మయి ఆ మేడలోనే ఉద్యోగం చేస్తోంది. పదిహేడు అంగుళాల తెర ముందు కూర్చుని మూడున్నర అంగుళాల ఫ్లాపీ పెడుతుంది. జ్వరమొస్తే నూట రెండు అంటుంది. దాని ఎత్తు నూట అరవై అయిదు సెంటీమీటర్లని నేను రాసి పంపిన సంబంధం వాళ్ళు ఇంతవరకూ జవాబే ఇవ్వలేదు. (నవ్వులు) నవ్వకండి, నేనూ ఇక్కడే రెండొందల గజాలు కొన్నాను. చదరపు మీటర్లలో చెప్పమంటే అమ్మినాయన మా ఆవిడ వైపు తిరిగి, "సారుకు ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగాడు.

అందుకే రిటైర్‌మెంటు దగ్గరపడే కొద్దీ నాకొకటే దిగులు పట్టుకుంది. ఇంతకాలం గొంతు చించుకున్నానే, ఒక్కరైనా మారారా? మారారనడానికి నా దగ్గర ఒకే ఒక్క రుజువుండేది. ఆ రుజువు పేరు జయమ్మ. అదిగో, తలుపు దగ్గర నిలబడి వెళ్ళిపోదామా అని చూస్తోంది. జయమ్మా, లోపలికి రా.

జయమ్మ ఇక్కడి బజారులో పూలమ్ముతుంది, మూరలేసి ఇచ్చేది. పదహారేళ్ళ కిందట ప్రభుత్వ ముద్ర ఉన్న మీటరు కర్ర నా చేత్తో ఆమెకిచ్చాను. అప్పట్నుంచి నేనెప్పుడు తనిఖీకి వెళ్ళినా ఆ కర్రతోనే కొలుస్తూ కనిపించింది. "ఈ బజారులో పూలు సైతం మీటర్లలోనే" అని నివేదిక రాశాను. దానికి ప్రశంసాపత్రం వచ్చింది. పటం కట్టించి ఇంట్లో గోడకి పెట్టుకున్నాను. వచ్చిన ప్రతివాడికీ మంచినీళ్ళకంటే ముందు ఆ పటం చూపించేవాణ్ణని పుణ్యవతి ఇప్పటికీ దెప్పుతుంది.

పోయిన నెల మా జీపు బాలానగర్‌లో మరమ్మతుకు పోయింది. బస్సెక్కి బజారుకు వెళ్ళాను. జయమ్మ మల్లెపూలు మూరలేస్తోంది, మధ్యమధ్యలో ముద్ర వేసిన నా మీటరు కర్ర పట్టుకుని మేకను అదిలిస్తోంది. ఈ చుట్టుపక్కల మెట్రిక్ విధానం రుచి తెలిసింది ఆ మేకకొక్కదానికే. (నవ్వులు)

మరి ఇన్నేళ్ళూ నాకెలా తెలియలేదంటారా? మా డ్రైవరు రాములు బజారు మలుపులో రెండుసార్లు హారను కొడతాడండీ. మేకలు అడ్డొస్తున్నాయనుకున్నాను, పదహారేళ్ళూ. ఆ హారను వినగానే బజారంతా మీటర్లలోకి వచ్చేది, జీపు అటు తిరగ్గానే మళ్ళీ మూరల్లోకి పోయేది. రాములూ, తల ఎత్తు, నిన్నేమీ అనను. తర్వాత ఎందుకలా చేశావంటే ఏమన్నాడో తెలుసా? "మీరు ఆ రిపోర్టు రాసే రోజు జర ఖుషీగుంటరు సార్, ఎందుకు ఖరాబ్ చెయ్యాలె" అన్నాడు.

ఆ రోజు బజారులో నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ పూల గంప పక్కనే కూర్చుని, "ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ నాటకం?" అన్నాను.

"మొదటి సంది అంతే సారూ," అంది. "ఒక చేతిల కర్ర, ఒక చేతిల పూలు, పైసలు ఏ చేత్తోని తీస్కోవాలె?"

దీనికి మా నిబంధనల పుస్తకంలో జవాబు లేదు. అయినా ఉక్రోషం చల్లారక రెండు మూరలు కొని, అదే కర్ర పక్కన పెట్టాను. ఈ చివర నుంచి ఆ చివరికి సరిగ్గా సరిపోయింది. ఇంకో రెండు కొన్నాను, అవీ అంతే. జయమ్మ మూర మోచేతి దగ్గర ఆగడం లేదండీ, రవిక చేతి అంచు దాకా పోతోంది.

"మీరు కర్ర ఇచ్చిన నాడే చూస్కున్న. మోచెయ్యి కాడికైతే తక్కువొస్తుండె. రవిక అంచు కాడికైతే రెండు మూరలకు మీ కర్ర అయితది. చెయ్యి కొలత మార్చకని దర్జీకి గూడ చెప్పిన."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెయ్యికి ముద్ర ఎయ్యాలంటరని భయమైంది సారూ." (నవ్వులు, చప్పట్లు)

ఇంటికి పోయి, గోడ మీది పటం తీసేశాను. పుణ్యవతి ఏమిటండీ ఇది అని కంగారుపడింది. జరిగింది చెప్తే చాలాసేపు నవ్వి, మళ్ళీ తనే తగిలించింది. అందులో రాసింది అబద్ధం కాదు కదండీ అంది.

ఇప్పుడు నా మెడలో ఉన్న ఈ దండ జయమ్మ దగ్గర నాలుగు మూరలు కొన్నది. రాములూ, టేపు తీసుకురా. వద్దంటారా అధ్యక్షా? "పెద్దమ్మను పిలిచి పరీక్ష పెడతావేమప్పా" అంటున్నారు. నిజమే. జయమ్మా, నువ్వే చెప్పు. "కొలువుండ్రి సారూ, నాకేం ఫికరు" అంటోంది.

ముడి విప్పు రాములూ. అటు పట్టుకో.

రెండు మీటర్ల మూడు సెంటీమీటర్లు. ఆ మూడూ ఎందుకమ్మా? "మీకని" అంటోంది. (ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని) ఉండండి, ఒక్క నిమిషం.

నా ఉద్యోగం అయిదింటితో ముగుస్తుంది, ఇప్పుడు అయిదుకు పది నిమిషాల తక్కువ. అంటే నేనింకా ఇన్‌స్పెక్టర్నే. అందరూ సాక్షులుగా ఉండండి. మదీనాగూడ పూల వ్యాపారి జయమ్మ గారి కుడి చెయ్యి ఈ రోజు పరీక్షించడమైనది. సరిగా ఉన్నది. ముద్ర అవసరం లేదు.

ఇన్నాళ్ళు నన్ను భరించిన మీ అందరికీ, ముఖ్యంగా హారను కొట్టిన రాములుకీ, నా కృతజ్ఞతలు. జయమ్మా, దర్జీని మాత్రం మార్చకు. సెలవు.